చేదునీటి తీగ

తాడువంతెన మీద నలుగురు కావలివాళ్ళు. కింద చూస్తే కళ్ళు తిరిగే లోయ. చేతిలో ఆకులపెట్టె, ఆ పెట్టె అడుగుపలక కింద కత్తి. పోలన ముఖాన లేని నవ్వు తెచ్చిపెట్టుకుని వంతెన మీద కాలు మోపాడు.

"ఎవులది? ఆగు!"

"రత్నకూటం నుంచి వస్తున్నానయ్యా. విత్తులు మోసేవాణ్ణి. కుముదవ్వకు ఆకులు తెచ్చాను."

లోయ అవతలి సప్తశైలంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. విత్తనం మోసుకొచ్చినవాడు పగవాడైనా సరే, వాడి మీద చెయ్యి వెయ్యకూడదు, కాళ్ళకు నీళ్ళిచ్చి దారి చూపాలి. పోలన ఆ కట్టుబాటును నమ్ముకునే మెడలో విత్తులు పెట్టే వెదురుగొట్టాలు ఖాళీవే వేలాడేసుకుని వచ్చాడు. కావలివాళ్ళ నాయకుడు జన్నప, ముప్పై ఏళ్ళ దిట్టమైన మనిషి, పెట్టె మూత తీయించి చూశాడు. తాటాకు చాప మీద ఎండిన కొమ్మ ఒకటి దారంతో కుట్టి ఉంది. ఆ కొమ్మకు ఒక ఆకు వీపు పైకి, ఒక ఆకు పొట్ట పైకి. అలా రెండువైపులా కనబడేట్టు కుట్టేవాళ్ళు ఈ భూమండలంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు కుముదవ్వ. ఇంకొకరు రత్నకూటంలోని శాకల్యాచార్యుడు.

"నికార్సయిన మనిసే. ఎల్లనియ్యండిరా" అన్నాడు జన్నప.

అన్నాడు గాని, మూత వేయబోయేసరికి పెట్టె ఒరిగింది, అడుగుపలక జారింది, కత్తిపిడి తళుక్కుమంది.

ఇక మాటలెక్కడివి! మొదటివాడు విసిరిన ఈటె పోలన చెవి కొసను చీల్చుకుంటూ పోయింది. రెండో ఈటె పొడిచేలోపే పోలన వాడి నడుం పట్టి ఎత్తి తాళ్ళ మీదుగా లోయలోకి విసిరేశాడు. వాడి అరుపు ఎంతసేపటికోగాని ఆగలేదు. రెండోవాడు గొడ్డలెత్తాడు. దించడానికి చెయ్యి మిగల్లేదు, గొడ్డలీ చెయ్యీ కలిసే పలకల మీద పడ్డాయి. మూడోవాడు వెనక నుంచి మెడకు ఉచ్చు బిగించాడు. పోలన వాడితో సహా వెల్లకిలా పడి, మోచేత్తో వాడి డొక్కలో నాలుగు కుమ్ములు కుమ్మి, అదే ఉచ్చు వాడి మెడకు వేసి కళ్ళు బయటికొచ్చేదాకా లాగాడు. నెత్తురుకు పలకలు జారిపోతున్నాయి.

జన్నప మాత్రం వెనక్కి తగ్గలేదు. "విత్తు మోసేవోడి ఏసంలో వచ్చినావురా పాపీ! ఇయ్యాల్టి నించి మెళ్ళో గొట్టం చూసి ఎవుడు నమ్ముతాడ్రా!" అంటూ మీదపడ్డాడు. పోలన కత్తిని జన్నప కడుపులో దించాడు. చచ్చేవాడు ఊరికే చచ్చాడా? పేగులు ఒక చేత్తో పట్టుకుని గట్టుదాకా పాకి, కొడవలితో వంతెన తాళ్ళు టపటపా తెగ్గోసి, ఆ కట్టుగుంజకే ఆనుకుని ప్రాణం విడిచాడు. తెగిన వంతెన ఎదుటి కొండకు దబ్బున కొట్టుకుంది. అది తెగేలోపే ఎగిరి గట్టు అంచు పట్టుకున్న పోలన పళ్ళు బిగించి పైకెక్కాడు, జన్నప శవాన్ని దాటుకుంటూ నడిచాడు.

నలుగురిని నరికేంత పగ ఈ పిల్లాడికి ఎవరి మీద అని మీకు అనిపిస్తుంది. చెప్తాను.

రత్నకూటమంటే ఆషామాషీ నగరం కాదు. ఏడు ప్రాకారాలు, డెబ్భై బురుజులు, సూర్యుడు పొడవగానే ఎర్రబంగారంలా మెరిసే కోటగోపురం, వీధివీధికీ పూలపందిళ్ళు, ఇంటింటికీ ఒక బావి. అక్కడి రాజోద్యానానికి పెద్ద శాకల్యుడు. దిక్కూ మొక్కూ లేని పోలనను ఐదేళ్ళప్పుడు చేరదీసి, అన్నం పెట్టి, అక్షరం పెట్టి, చెట్టూ చేమా పేర్లు నేర్పి కొడుకులా పెంచాడు. ఈ శాకల్యుడికీ, ఆర్నెల్ల దూరాన కొండల్లో ఉన్న కుముదవ్వకూ ఇరవై ఏళ్ళుగా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఆయన ఎండుటాకులు కుట్టి పంపితే ఆమె విత్తనాలు బూడిదలో పొదిగి, వెదురుగొట్టంలో పెట్టి, లక్కతో మూసి పంపేది. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఆయన జాబులో "అక్కగారూ" అని రాస్తే, ఆమె "తమ్ముడూ" అని రాసేది. ఒక మొక్క పొదా తీగా అని నాలుగేళ్ళు జాబుల్లోనే కొట్టుకున్నారు కూడా.

కిందటేడు ఆమె ఎముకలతుకు తీగ విత్తులు ఏడు పంపింది. దాని చిగురు నూరి కడితే విరిగిన ఎముక మూడు రోజుల్లో అతుకుతుందట. శాకల్యుడికి చూపు మందగించింది గనక పోలనే జాబు చదివాడు, పోలనే నాటాడు, జాబులో ఉన్నట్టు తు.చ. తప్పకుండా నీళ్ళు పోశాడు. నలభై రోజులు తిరిగేసరికి ఆ తీగ లేడిపిల్లల్ని చుట్టి నలిపేసింది. తర్వాత ముగ్గురు తోటమాలుల్ని. దాన్ని పెళ్ళగించమని పట్టపుటేనుగును పంపితే, ఏనుగు పక్కటెముకలు విరిగిన చప్పుడు అంగడివీధిలో వినబడింది. రాజు ప్రచండవర్మ తమ్ముడు గొడ్డలి పట్టుకుని ఉరికాడు. మర్నాడు అతని పాగా ఒక్కటే దొరికింది. వారం తిరిగేసరికి చచ్చినవాళ్ళు వందమంది.

రాజుకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. ఆ దుఃఖమంతా కోపమైంది. "పగదేశం దాన్తో చేతులు కలిపి నా నగరాన్ని చంపుతావురా ముసలోడా!" అని శాకల్యుణ్ణి తీగకు పద్నాలుగు బారల దూరంలో రాతిస్తంభానికి కట్టించాడు. తీగ రోజుకు రెండు బారలు పాకుతోంది. అంటే ఏడు రోజులు. "ఈ పాపానికి మూలమైనవాళ్ళ తల తెచ్చి నా ముందు పెట్టు, నీ గురువును విప్పుతాను" అని పోలనకు చెప్పాడు. ఆర్నెల్ల దారి మూడు రోజుల్లో దాటేందుకు ఆస్థాన మాంత్రికుడు కాలజంఘుడు తన ఇనుపరెక్కల రాబందునిచ్చాడు. రాబందు కొండల మీద లేచే గుగ్గిలం పొగ పడక లోయ ఇవతలే దిగిపోయింది. ఇవాళ్టికి నాలుగో రోజు.

పోలన అనుకున్నది ఒకటి. కోరపళ్ళు, జడలు, పుర్రెల దండ వేసుకున్న రాకాసి ఎదురవుతుందనుకున్నాడు. తీరా చూస్తే రాతిపలకల కింద ఆకులు పరిచి, బరువు కోసం పలక మీద తనే ఎక్కి కూర్చుని ఎండ కాగుతున్న పిడికెడంత ముసలమ్మ.

పెట్టె చూడగానే ఆమె ముఖం చేటంత అయింది. "తమ్ముడి పెట్టే గదా! రా బాబూ, రా. ఆయన మోకాలి నొప్పి తగ్గినాదా? నాను పంపిన నూని రాస్తన్నాడా? అదిగో సూడు, ఆయన పంపిన గోంగూర. తమ్ముడి మడి అంటాం. ఇప్పుడీ ఏడు కొండల్లో గోంగూర లేని కూడు నేదు."

పోలన కత్తి దూసి ఆమె నెరిసిన జుట్టు పట్టుకున్నాడు. "నోర్ముయ్! నీ తీగ మా ఊళ్ళో వందమందిని చంపింది. నిన్ను నమ్మినందుకు మా గురువు చావుకు సిద్ధంగా ఉన్నాడు. మళ్ళీ మోకాలి నొప్పి అంటున్నావు, సిగ్గు లేదా!"

"ఏ తీగ?"

"ఎముకలతుకు తీగ!"

"అదేటి బాబూ" అని ముసలమ్మ నిజంగానే తెల్లబోయింది. మెడ మీద కత్తి ఉండగానే వేలెత్తి చూపింది. "అదిగో, అదే గదా?"

గుడిసె కప్పు నిండా అదే తీగ. అవే ఎర్ర ఈనెలు, అవే జంట చిగుళ్ళు. దాని మీద చీరలు ఆరేసి ఉన్నాయి. ఒక మేకపిల్ల దాన్ని నములుతోంది. తీగ కిక్కురుమనలేదు. పోలన చెయ్యి సడలింది.

"ఏం మంత్రం వేశావు దీనికి?"

"మంత్రమేటి, మట్టిగడ్డేటి! రాసినాను గదా జాబులో. సేదునీరు పొయ్యాల అని."

"మేమూ చేదునీరే పోశాం!" పోలన అరిచాడు. "రోజుకు నలభై కడవలు! చెరువునీరు ముట్టలేదు, ఏటినీరు ముట్టలేదు. నా చేతులు చూడు, బొబ్బలెక్కి పగిలిపోయేదాకా చేదాను!"

"సేదడం ఏటి?"

"బావిలోంచి నీళ్ళు చేదడం!"

"బావి అంటే ఏటి?"

అంతే. పోలన నలువైపులా చూశాడు. ఏడు కొండలూ సెలయేళ్ళే. నేలను తవ్వి నీళ్ళు తోడాల్సిన కర్మ ఆ కొండవాళ్ళకు ఎన్నడూ పట్టలేదు. బావి లేనిచోట చేద ఎక్కడిది, చేదేవాళ్ళు ఎక్కడ? ముసలమ్మ లోపలికెళ్ళి నల్లటి కషాయం సొరబుర్రతో తెచ్చి, తీగ మొదట్లో పోసి, ఒక చుక్క పోలన నాలుక మీద వేసింది. నేలవేము, వేపచెక్క, కాకరాకు. పోలన తూ అని ఉమ్మేశాడు.

"ఇదిరా సేదు అంటే. ఈ తీగ యాపసెట్ల మొదట్లో పుడతాది. సేదు తాగితే పడుకుంటాది. తియ్యటి నీళ్ళు పోస్తే ఆకలి పుడతాది. తమ్ముడికి ఆ మాత్రం తెల్దా?"

ఆయనకు తెలుసు. ఆయన అడిగాడు కూడా. "ఏ నీరంటుందో పోలా, మరోసారి జాబు రాసి కనుక్కుందామా?" అని అడిగితే, "ఇందులో కనుక్కోవడానికేముంది స్వామీ, చేదునీరంటే బావినీరే గదా! జాబు పోయిరావడానికి ఏడాది పడుతుంది, అందాకా విత్తు ఉంటుందా చస్తుందా?" అని నవ్వి కొట్టిపారేసింది ఎవరనుకున్నారు? ఈ పోలనే. వందమంది చావూ ఈ ఒక్కడి నోటిచలవే. వాడికి అప్పుడు తన మీద తనకే అసహ్యం పుట్టింది. కత్తి పారేసి ముసలమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

"లే, లే. తప్పు మాటది. నీదీ కాదు, నాదీ కాదు" అంటూ ఆమె లేవదీస్తోంది. అప్పుడే ఆమె కన్ను నేల మీది కత్తిని చూసింది. "అబ్బీ, ఆ నెత్తురు ఎవులిది?"

పోలన చెప్పక్కర్లేకపోయింది. మలుపులో ఏడుపులు వినబడ్డాయి. పదిమంది ఒక తడకను మోసుకొచ్చి గుమ్మం ముందు దించారు, వాళ్ళ వెనకే ఈటెలతో ఊరివాళ్ళు. దాని మీద జన్నప. "అవ్వా, నీ కొడుకు!" అని ఒకడు గుండెలు బాదుకున్నాడు.

ముసలమ్మ వంగి కొడుకు పొట్ట మీద గుడ్డ కప్పి, చిట్లిన పెదవి కొంగుతో తుడిచి, చాలాసేపు వాడి నుదురు నిమిరింది. పోలన మోకాళ్ళ మీద కూర్చుని మెడ వంచాడు. నలభై ఈటెలు వాడి మీదికి లేచాయి.

"ఆగండి" అంది కుముదవ్వ.

ఆమె లోపలికి పోయి రెండు తోలుతిత్తుల నిండా కషాయం తెచ్చి పోలన ముందు పెట్టింది. "ఏడు దినాలు ఊరితే గాని ఈ కసాయం పనికిరాదు. నీవు అక్కడికెల్లి కాసుకుంటే మీ గురువు బతకడు. ఇది పట్టుకుపో. సుట్టినకాడ దోసెడు పొయ్యి, వదుల్తాది. ఏరు మొదట్లో కుండెడు పొయ్యి, పడుకుంటాది." అలా అంటూనే లక్క మూసిన వెదురుగొట్టం ఒకటి వాడి మెడలో కట్టింది. "ఇది తమ్ముడికి ఈ ఏటి విత్తు. ఇప్పుడు నీవు నిజంగా విత్తు మోసేవోడివి. నిన్నెవులూ ముట్టరు."

నలభైమందీ పళ్ళు కొరుక్కుంటూ ఈటెలు దించారు.

"అవ్వా..." పోలన చేతులు జోడించాడు.

"నీకోసం కాదురా! తమ్ముడు బతకాల. ఆయన బతికినాక మళ్ళీ ఇక్కడికి రా. అప్పుడు నీ మెళ్ళో గొట్టం ఉండకూడదు."

వంతెన తెగిపోయింది. వేరే దారి లేదు. పోలన రెండు తిత్తులూ వీపుకు కట్టుకుని లోయ అంచున నిలబడి, కాలజంఘుడు నేర్పిన ఈల వేసి, కళ్ళు మూసుకుని దూకేశాడు. గాలి చెవుల్లో హోరెత్తింది, ఏటి అడుగున రాళ్ళు మీదికి లేచి వస్తున్నాయి. ఇక పై ప్రాణాలు పైనే పోయాయనుకునేంతలో ఇనుపగోళ్ళు భుజాల్లో దిగి పైకి లాగాయి.

పోలన దాని వీపు మీదికెక్కాడు. రెండు రోజులు రాబందు నోరెత్తలేదు, దాని మెడకు కట్టిన బుట్టలోంచి పోలన అందించే మేకమాంసం తింటూ ఎగిరింది. ఆరో రోజు బుట్ట ఖాళీ అయింది. మేఘాల మధ్యన మెడ వెనక్కి తిప్పి అడిగింది.

"తల ఏదీ?"

"లేదు. మందు ఉంది."

"నా యజమాని తలకే నన్ను పంపాడు. తల లేకపోతే వీపెక్కినవాడి తలే తినమన్నాడు" అంటూ ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. పోలన తప్పుకున్నాడు గాని ఒక తిత్తి పగిలింది. పగిలిన తిత్తిలోని కషాయం వాన చినుకులై ఏ ఊరి మీద పడిందో! రెండో పోటుకు వాడి పిక్కలోంచి గుప్పెడు కండ లేచిపోయింది. మూడో పోటుకు అది నోరు తెరిచీ తెరవగానే, పోలన చిరిగిన తిత్తిలో అడుగున మిగిలిన కషాయమంతా దాని గొంతులో కుమ్మరించాడు. రాబందు కెవ్వుమంది. కళ్ళు తేలేసింది. రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి పడుతోంది.

"ఎగురుతావా, ఇంకో తిత్తి పొయ్యమంటావా?" అని దాని మెడ మెలిపెట్టి కూర్చున్నాడు పోలన. పాపం, అది చచ్చినట్టు ఎగిరింది. కక్కుకుంటూ, తిట్టుకుంటూ, ఏడో రోజు మిట్టమధ్యాహ్నానికి రత్నకూటం కోట ముందు వాడిని విసిరేసి, ప్రాణం దక్కితే చాలన్నట్టు పారిపోయింది.

అప్పటికే తీగ స్తంభాన్ని అందుకుంది. శాకల్యుడి కాళ్ళను, నడుమును చుట్టి, గుండె మీదుగా మెడకు రెండు చుట్లు వేసింది. ఆయన ముఖం నల్లబడింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. పది అడుగుల అవతల ప్రచండవర్మ కత్తి మీద చేతులానించి నిలబడి ఉన్నాడు. వెనక ఐదు వందల మంది భటులు.

"తల ఏదిరా?"

పోలన కుంటుకుంటూ వచ్చి రాజు ఎదుట మోకరిల్లాడు. "తెచ్చాను ప్రభూ. నా భుజాల మీదే ఉంది. ఆ అవ్వ రాసింది చేదు కషాయం. నేను చదివింది చేదిన నీళ్ళు. మీ తమ్ముణ్ణి చంపినవాణ్ణి నేనే. ముందు ఈ తిత్తి ఆయన మీద పోయనివ్వండి, తర్వాత నరుక్కోండి."

"నా తమ్ముడు ఒక మాటకు చచ్చాడా? ఒక్క మాటకా?" అని రాజు కేకపెట్టి, కత్తెత్తి పోలన మీదికి ఉరికాడు. కత్తి వేటు పోలనకు తగల్లేదు. వీపున ఉన్న తిత్తిని నిలువునా చీల్చింది. నల్లటి కషాయం భళ్ళున నేలపాలైంది. అయ్యో అని పోలన చీలిన తోలును దొప్పలా మడిచి ఒడిసిపట్టేసరికి అందులో మిగిలింది ఒక్క దోసెడు.

కోపంలో రాజు ఒక్క అడుగు ఎక్కువ వేశాడు. అదే ముంచింది. తీగ కొస ఒకటి సరసరా లేచి ఆయన మణికట్టును, మోచేతిని, భుజాన్ని చుట్టుకుంది. ఎముకలు ఫెళఫెళా విరిగాయి. "పోలా! పొయ్యరా! నా మీద పొయ్యి! అర్ధరాజ్యం ఇస్తాను!" అని అరిచాడు ప్రచండవర్మ. తీగ ఆయన మెడ చేరింది. స్తంభం దగ్గర శాకల్యుడి నోటివెంట గురగుర శబ్దం.

పోలన ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ దోసెడు కషాయాన్ని గురువు మెడ మీద పోశాడు. చుట్లు బుస్సుమని పొగలు కక్కుతూ వదిలాయి. తీగ మెత్తబడి ఆయన ఒంటి మీద నుంచి జారిపోయింది. వెనక రాజు అరుపు మధ్యలోనే తెగింది. పోలన తిరిగి చూడలేదు.

సేనాపతి శంఖం ఊదాడు. "రాజును చంపాడు! చుట్టుముట్టండి!" ఐదు వందల బల్లేలు ఒక్కసారి లేచాయి. పోలన రాజు చేజారిన కత్తితో కట్లు కోసి గురువును భుజాన వేసుకుని, భటులకూ తీగకూ మధ్య మిగిలిన నాలుగడుగుల దారిలో కుంటుతూ పరుగెత్తసాగాడు.

శాకల్యుడికి ఊపిరి అందింది. దగ్గాడు. కళ్ళు తెరిచి మొట్టమొదట అడిగింది ఆమె గురించే. "అక్కగారిని చూశావా పోలా? కులాసాగా ఉన్నారా? నా మీద కోపమేమీ లేదు కదా?"

అబద్ధం చెబుదామంటే పోలనకు నోరు రాలేదు. "ఆమె కొడుకును చంపి వచ్చాను స్వామీ."

శాకల్యుడి చేతులు పోలన మెడను గట్టిగా పట్టుకున్నాయి. మొదటి బల్లెం వాళ్ళ తలల మీదుగా పోయి తీగలో గుచ్చుకుంది.

"కొడుకా?" అన్నాడాయన, కన్నీళ్ళు పోలన వీపు మీద పడుతుండగా. "ఇరవై ఏళ్ళలో మూడు వందల ఆకుల పేర్లు రాసుకున్నాం. కొడుకున్నాడని ఆమె రాయలేదు. పిల్లలెందరమ్మా అని నేనూ అడగలేదు."